నాలుగు రోజుల్లో ఇంటికి పేరు కావాలట!

ప్రశ్న: మాది అనంతపురం. టౌనుకు కాస్త ఎడంగా ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్నాం. వచ్చే నెలలో గృహప్రవేశం. గేటు పక్కన పేరు రాయి బిగించడానికి మేస్త్రీ చోటు వదిలాడు. రాయి చెక్కే అతను నాలుగు రోజుల్లో పేరు రాసిమ్మంటున్నాడు. మా ఆయనేమో చనిపోయిన మామగారి పేరు పెట్టి పక్కన 'నిలయం' అని రాయిద్దామంటారు. మా అత్తమ్మ కదిరి నరసింహస్వామి పేరే ఉండాలంటుంది. బెంగళూరులో ఉద్యోగం చేసే మా పాప 'ప్రశాంతి నిలయం' అని గానీ, మా నలుగురి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి గానీ పెట్టమంటుంది. మా ఆయనకు తెలిసినాయన ఒకరు ఇంటి యజమాని నక్షత్రాన్ని బట్టి ఫలానా అక్షరంతోనే మొదలు కావాలన్నారు. అందరూ చెప్పారు గానీ నన్నెవరూ అడగలేదు. అడిగినా ఏం చెప్పాలో నాకు తెలియదు. పునాదుల దగ్గర డబ్బు చాలక పని ఆగిపోతే మా అమ్మ తనకు పసుపుకుంకుమ కింద వచ్చిన నేరేడుమాను చేను అమ్మి ఇచ్చింది. ఆ మాట ఇప్పుడు ఎత్తితే లెక్కలు తీసినట్టు ఉంటుందని ఊరుకున్నాను. అర్థమున్న మంచి పేరు ఒకటి చెప్పండి. ఒకసారి చెక్కించాక మార్చుకోలేం కదా, అదే టెన్షన్.
– ఒక పాఠకురాలు, అనంతపురం

సమాధానం:

చెల్లెమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ వరసగా పేర్లే తోచాయి. లోగిలి, పొదరిల్లు, నెలవు, చల్లని నీడ... ముప్పై ఏళ్ళు తెలుగు టీచరుగా పనిచేసినదాన్ని, ఇట్లాంటివి పాతిక అరగంటలో రాసిస్తాను. రెండోసారి చదివాక ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. మీకు కావలసిన పేరు మీ ఉత్తరంలోనే ఉంది. మీరే రాశారు, రాసి దాటిపోయారు. దాని దగ్గరికి వస్తాను. ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం.

పేరు మార్చుకోలేం అని ఎవరు చెప్పారు? మనం సీమవాళ్ళం, ఈ విషయంలో మనకు చాలా అనుభవం ఉంది. 1800లో నిజాం మన జిల్లాలను ఇంగ్లీషువాళ్ళకు అప్పజెప్పాక మనకు 'దత్త మండలాలు' అని పేరు పడింది. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తు అని దాని అర్థం. ఆ పేరును తరాల తరబడి మోశాం. 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన సభల్లో చిలుకూరి నారాయణరావు గారు 'రాయలసీమ' అన్న మాటను ముందుకు తెచ్చారు. ఆయన మీ అనంతపురం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినాయనే. ఆ కాలేజీ పేరు కూడా అప్పట్లో దత్త మండల కాలేజీయే. ఇన్ని జిల్లాలకు ఉన్న పేరే మారిపోయిందంటే రెండడుగుల గ్రానైటు రాయి ఒక లెక్కా? నాలుగు స్క్రూలు తీస్తే ఊడొస్తుంది.

పైగా ఆ రాయి మీద ఏముందో సర్కారుకు పట్టదు. ఇంటి పన్నుకు అసెస్‌మెంట్ నంబరు, కరెంటు బిల్లుకు సర్వీసు నంబరు, పోస్టుకు డోరు నంబరూ పిన్‌కోడూ ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ కాగితాల్లోనూ సర్వే నంబరు, చుట్టూ హద్దులే. ఇంటికి పెట్టే పేరు పూర్తిగా మీ ఇష్టం. బహుశా అందుకే ఇంట్లో ఇంత పంచాయితీ. సర్కారు రూలేదైనా ఉండుంటే అందరూ నోరు మూసుకునేవాళ్ళు.

మా ఇంటి కథ చెబుతాను. 1994లో కడపలో మేము ఇల్లు కట్టుకున్నప్పుడు మా ఆయన 'సాహితీ నిలయం' అని పెట్టాలని పట్టుబట్టారు. రాయి వచ్చింది. చూస్తే 'సాహితీ నిళయం' అని ఉంది. ఇదేమిటయ్యా అంటే, 'ళ' అయితే అక్షరం నిండుగా ఉంటుందని వేశానన్నాడు చెక్కినతను. పిల్లల వ్యాసాల్లో ల-ళ తప్పులకు మార్కులు కోసే ఇంటి ముందు, గేటు పక్కనే, అరచేతి ఎత్తున ఒక తప్పు! మా ఆయన వారం రోజులు మనసారా అన్నం తినలేదు. నేను దాని మీదికి మల్లెతీగ పాకించి ఊరుకున్నాను. ఇప్పటికీ తీగ కిందే ఉంది. తమాషా ఏమిటంటే, ఇన్నేళ్ళలో మా వీధిలో ఎవరూ మా ఇంటిని ఆ పేరుతో పిలిచిన పాపాన పోలేదు. అందరూ 'టీచరమ్మ మిద్దె' అంటారు. గ్యాసు సిలిండరు వచ్చేది టీచరమ్మ మిద్దెకే, పాలు వచ్చేదీ అక్కడికే.

ఇంటి పేరు అంటే రాయి మీద చెక్కింది అనుకుంటాం గానీ, నిజానికి అది నలుగురి నోట్లో నిలిచేది. సి.పి. బ్రౌన్ మా కడపలో బంగళా కొని, పండితులను పెట్టి తాళపత్రాలు సరిచూపించాడు. ఉద్యోగానికేమో ఆయన తెల్లదొర, కలెక్టరాఫీసు మనిషి. కానీ ఆ బంగళాకు 'బ్రౌన్ కాలేజీ' అనే పేరు వచ్చింది. లోపల జరిగే పనే పేరైపోయింది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పల్లెల్లో చూడండి, ఎవరి ఇంటికి రాయి ఉంది? పెద్దమిద్దె వాళ్ళు, బావికాడోళ్ళు, యాపమానోళ్ళు. ఏ ఇంటికైనా అక్కడ కళ్ళకు కనిపించేదే పేరు. తెలుగులో మనిషికి ఉండే వంశం పేరును 'ఇంటిపేరు' అనడంలోనూ ఇదే ఉంది. తాళ్ళపాక అన్నమయ్యకూ, పుట్టపర్తి నారాయణాచార్యులకూ ఇంటిపేర్లు ఊళ్ళ నుంచి వచ్చినవే. మనిషి ఎక్కడికి పోయినా ఆ మట్టి పేరు ముందు నడిచింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు మీ ఇంట్లో వాళ్ళు చెప్పిన పేర్లు ఒక్కొక్కటే చూద్దాం.

మొదట పాప చెప్పింది, ఎందుకంటే అది సులువు. 'ప్రశాంతి నిలయం' అంటే నిజంగానే చక్కటి మాట. కానీ మన వైపు ఆ పేరు చెప్పి ఆటో ఎక్కితే మిమ్మల్ని నేరుగా పుట్టపర్తిలో దింపుతాడు. ఆటో దాకా ఎందుకు, రైల్వే స్టేషనుకే ఆ పేరుంది. ఇక నలుగురి మొదటి అక్షరాలు కలపడం అంటారా, అట్లా కలిపినప్పుడు మామూలుగా ఒక ఆడపిల్ల పేరో లేదా ఒక మందుబిళ్ళ పేరో వస్తుంది. దారిన పోయేవాళ్ళు ఆ పేరు గల అమ్మాయి ఇంట్లో ఉందనుకుంటారు. రేపు పాపకు పెళ్ళై అల్లుడొస్తే ఐదో అక్షరం ఎక్కడ దూరుస్తారు? పాపను నేను తక్కువ చేయడం లేదు. అందరూ ఆ పేరులో ఉండాలని ఒక్క ఆ పిల్లకే తోచింది, అది మంచి మనసు. అక్షరాలు కలపడం ఒక్కటే దారి కాదంటున్నాను.

నక్షత్రం సంగతి. అశ్వినికి చూ, చే, చో, లా. ఇట్లా 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాల లెక్కన 108 అక్షరాలున్నాయి. పుట్టిన బిడ్డకు పేరు పెట్టడానికి వచ్చిన పద్ధతి అది. బిడ్డకు పుట్టిన గడియ ఉంటుంది. ఇంటికి ఏది? శంకుస్థాపన చేసిన రోజా, స్లాబు వేసిన రోజా, కరెంటు మీటరు బిగించిన రోజా? యజమాని నక్షత్రం అంటారు, మరి యజమాని ఎవరు? పట్టా ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు, నేనూ అడగను. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకోండి, పాలు పొంగించండి, అవన్నీ సంతోషంగా చేసుకోండి. అక్షరం దగ్గర మాత్రం ఆయనకు నమస్కారం పెట్టి పంపించేయండి.

మీ ఆయన కోరికను ఇంత తేలిగ్గా తోసేయలేను. తండ్రి ఈ ఇల్లు చూడకుండా పోయాడన్న బాధ ఆయనకు ఉంటుంది. కానీ ఒక్క విషయం ఆయనకు తట్టినట్టు లేదు. మీ అత్తమ్మ తరంలో ఆడవాళ్ళు భర్త పేరు నోటితో అనేవాళ్ళు కాదు. కోడళ్ళు మామగారి పేరు అనేవాళ్ళు కాదు. మా అమ్మ రేషన్ షాపులో నాన్న పేరు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పక్కనున్న నన్ను గిల్లేది, నువ్వు చెప్పు అని. మరి గేటు మీద మామగారి పేరు పెడితే మీ అత్తమ్మ బస్టాండు దగ్గర ఆటో ఎక్కి ఏమని చెప్పాలి? ఫోన్ చేసి మందులు తెప్పించుకోవాలంటే ఏ ఇంటికి తెమ్మనాలి? ఆమె నరసింహస్వామి పేరు పట్టుకుని కూర్చోవడానికి భక్తితో పాటు ఈ ఇబ్బంది కూడా ఒక కారణమేమో, ఒకసారి ఆలోచించండి. బయటికి చెప్పుకోలేని మాట అది. అవునో కాదో మీరు మెల్లగా కనుక్కుంటే తెలుస్తుంది, మీ ఆయన అడిగితే తెలియదు.

మామగారి పేరు నిలవాలంటే ఇంకో మార్గం ఉంది. అనంతపురం ఎండలు మీకు నేను చెప్పాలా? ఏటా ఎండాకాలం మీ గేటు బయట ఆయన పేరు మీద రెండు కుండలతో చలివేంద్రం పెట్టండి. చిన్న రేకు బోర్డు మీద ఆయన పేరు రాయించండి. దాహంతో వచ్చినవాడు ఆ పేరు చదివి నీళ్ళు తాగుతాడు. గేటు మీద ఉంటే "ఫలానా నిలయం ముందర బైకు అడ్డంగా పెట్టారు, తీయండి" అన్నప్పుడు కూడా ఆ పేరే వాడాలి కదా.

నరసింహస్వామి పేరు సింహద్వారం పైన ఉండాలి, గేటు దగ్గర కాదు. గేటు పక్కన పేరు రాయి కిందే వచ్చేపోయేవాళ్ళు చెప్పులు విడుస్తారు, వీధికుక్కలు కాలెత్తుతాయి. అది చూసి మొదట బాధపడేది మీ అత్తమ్మే. 'శ్రీ ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి ప్రసన్నం' అని ద్వారబంధం మీద పసుపు రాసిన చోట ఒక చిన్న పలక పెట్టించి, అది ఆమె చేతే పెట్టించండి.

ఇక మీరు. "నన్నెవరూ అడగలేదు" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీరు ఉంటున్న ఊరు పేరు ఎట్లా వచ్చిందో మీకు తెలిసే ఉంటుంది. బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు చెరువు కట్టించి, రాయల రాణి పేరిట దానికి అనంతసాగరం అని పేరు పెట్టాడని, దాని నుంచే అనంతపురం వచ్చిందని కొందరు చెబుతారు. చెరువుకు అవతల బుక్కరాయసముద్రం. అక్కడే ముసలమ్మ కట్ట. చెరువు తెగిపోయేలా ఉంటే ఊరి కోసం ముసలమ్మ అనే ఒక ఇంటి కోడలు గండిలో నిలబడి ప్రాణం ఇచ్చిందన్న కథ చిన్నప్పటి నుంచి వింటున్నదే. రాజు పేరు ఊరికి పడింది, కోడలి పేరు కట్టకు పడింది. నీళ్ళను ఆపుతున్నది కట్టే. మన నేలలో ఆడవాళ్ళ పేర్లు లేకపోలేదు, అయితే అవి ఎక్కువగా చచ్చి సాధించుకున్నవి. మీ అమ్మ బతికుంది. అంతకంటే ఇంకేం కావాలి?

ఇప్పుడు నేరేడుమాను చేను దగ్గరికి వద్దాం.

మన వైపు ప్రతి చేనుకూ పేరుంటుంది. దిన్నె చేను, వంక చేను, గుట్ట కింది చేను, బావి చేను. ఇంట్లో పిల్లలతో సమానంగా వాటిని పేరు పెట్టి పిలుస్తారు. "దిన్నె చేను ఎండిపోతా ఉంది", "వంక చేను ఈసారి బాగా కాసింది" అంటారు. పట్టాదారు పాసుపుస్తకం తీసి చూడండి, అందులో ఈ పేర్లేవీ ఉండవు. సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు ఎన్ని సెంట్లు, అంతే. అమ్మేటప్పుడు రిజిస్ట్రారు ఆఫీసులో చేతులు మారేది ఆ నంబరే. పేరును ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. కొన్నాయన అక్కడ బోరు వేసి చీనీ తోట పెట్టొచ్చు, మాను కొట్టించి ప్లాట్లు వేయొచ్చు. అది ఆయన హక్కు. పదేళ్ళు పోతే 'నేరేడుమాను చేను' అంటే ఎక్కడో చెప్పగలిగేది మీ అమ్మ, మీరు, ఊళ్ళో నలుగురు ముసలివాళ్ళు.

మా అమ్మకూ ఒక చేను ఉండేది, చింతమాను చేను. శనగకాయలు పీకే రోజుల్లో సద్ది మూట చీమలకు అందకుండా ఆ చింతమాను కొమ్మకు తగిలించేవాళ్ళు. ఏళ్ళ తరబడి ఒకేచోట తగిలించడంతో ఆ కొమ్మ మీద బెరడు వేలంత మందాన నున్నగా అరిగిపోయి, నిమిరితే అద్దంలా ఉండేది. నేను అక్కడే నిలబడి కొమ్మ నిమురుతూ ఉంటే పని చేయవేమే అని అవ్వ కేకలేసేది. నా బి.ఇడి. చదువుకని ఆ చేను అమ్మేశారు. ఆ చదువుతో ఉద్యోగం వచ్చింది, ఉద్యోగంతో ఇల్లు వచ్చింది. ఆ ఇంటికి 'సాహితీ నిళయం' అని పేరు పెట్టుకున్నాం. చింతమాను పేరు పెట్టాలని మా ఇంట్లో ఒక్కరికి తట్టలేదు. అందరికంటే ముందు నాకు తట్టాల్సింది.

అందుకే మీకు చెబుతున్నాను. ఇంటికి 'నేరేడుమాను' అని పెట్టండి. చేను అనక్కర్లేదు, నిలయం అనక్కర్లేదు, కుటీరం అసలే వద్దు.

ఉన్నచోట పోయిన పేరు ఇంకోచోట బతకడం కొత్తేమీ కాదు. మోతీలాల్ నెహ్రూ అలహాబాదులోని ఆనందభవన్‌ను 1930లో కాంగ్రెసుకు ఇచ్చేస్తే దానికి స్వరాజ్ భవన్ అని పేరొచ్చింది, పక్కనే వాళ్ళు కట్టుకున్న కొత్త ఇల్లు ఆనందభవన్ అయింది. గోడలు అక్కడే ఉన్నాయి, పేరు మాత్రం మనుషులతో పాటు నడిచి వచ్చింది. మన ఇంటిపేర్లు చేసిన పనీ ఇదే అని ఇందాక చెప్పాను కదా. మీ తాత తన కూతురికి పసుపుకుంకుమ కింద ఇచ్చిన చేను, ఆమె తన కూతురి పునాదికి ఇచ్చింది. ఆ చేను ఇప్పుడు మీ ఇంటి కింద ఉన్నట్టే.

దీనివల్ల ఇంట్లో గొడవ పెరుగుతుందా? పెరగదనే నా నమ్మకం. ఇది ఎవరి మనిషి పేరూ కాదు. మీ అమ్మ పేరు పెట్టాలంటే మీ ఆయన మనసు చివుక్కుమంటుంది, మామగారి పేరు పెడితే మీకు లోపల ముల్లు గుచ్చుకుంటుంది. మానుకు పుట్టిల్లు అత్తిల్లు లేవు. మీ అత్తమ్మ ఆటోవాడికి ధైర్యంగా చెప్పగలదు. పాప బెంగళూరు స్నేహితులకు చెబితే నేరేడంటే ఏమిటని అడుగుతారు, చెప్పుకోవడానికి ఆ పిల్లకు ఒక కథ ఉంటుంది. కానీ ఒక జాగ్రత్త. ఇది అమ్మ చేను పేరని మాత్రం దాచిపెట్టకండి. 'ఏదో చెట్టు పేరు, బాగుందని పెట్టాను' అని చెప్పి తర్వాత బయటపడితే ఆయన దాన్ని మీరు వేసిన ఎత్తుగానే చూస్తారు. ఒక సాయంత్రం టీ దగ్గర కూర్చుని, డబ్బు మాట ఎత్తకుండా, "ఆ చేను పేరు పోకుండా ఉంటే బాగుంటుందని నాకుంది" అని సూటిగా చెప్పండి. లెక్కలు తీయడానికీ పేరు తలుచుకోవడానికీ తేడా మీ గొంతులోనే తెలిసిపోతుంది.

ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, అంతకంటే ముందు మీ అమ్మను అడగాలి. ఇది పెద్ద విషయం. చేను అమ్ముకున్న మనిషికి ఆ పేరు రోజూ గేటు మీద కనబడడం సంతోషంగా ఉంటుందో, పుండు రేపినట్టు ఉంటుందో మనం ఊహించలేం. కొందరికి అమ్మిన చేను గట్టు మీద నుంచి నడవడానికే కాళ్ళు రావు, చుట్టూ తిరిగి పోతారు. ఆమె వద్దు అంటే ఆ పేరు అక్కడితో వదిలేయండి, బలవంతపెట్టకండి.

అప్పుడు ఇంకేం పేరు? మా ఊరి పేరు తీసుకోండి, ఊరికే ఇస్తాను. కడప అంటే గడపే. తిరుమల వెంకన్న దగ్గరికి పోయేవాళ్ళకు దేవుని కడప తొలి గడప అని ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. హైదరాబాదులో సరోజినీ నాయుడు ఇంటికి 'గోల్డెన్ థ్రెషోల్డ్' అని పేరు, బంగారు గడప అన్నమాట. ఆమె 1905లో అచ్చువేసిన తొలి కవితల పుస్తకం పేరే ఇంటి పేరైంది. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది కూడా ఆ గడప దగ్గరే. 'గడప' అని మూడక్షరాలు రాయించుకున్నా మీ ఇంటికి బాగానే ఉంటుంది. కానీ ఇది రెండో మాట, మొదటిది కాదు.

రాయి గురించి కూడా చెప్పాలి, ఒకసారి దెబ్బతిన్నదాన్ని కనుక. నే, రే, డు, మా, ను. ఐదక్షరాలు, ఒక్క వత్తు లేదు. వత్తులున్న పేరు చెక్కించాలంటే అక్షరం కింద ఇంకో అక్షరానికి చోటు కావాలి, అసలు అక్షరం చిన్నదైపోతుంది, దూరం నుంచి చూస్తే చిక్కుపడిన దారంలా ఉంటుంది. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అని బోర్డులు రాసేవాళ్ళ లెక్క. మీ ఇంటి ముందు ముప్పై అడుగుల రోడ్డుంటే అవతలి వైపు నుంచి చదవడానికి మూడంగుళాలు కావాలి. చెక్కే ముందు అదే సైజులో కాగితం మీద ప్రింటు తీయించి గోడకు అంటించండి. మధ్యాహ్నం ఎండలో ఒకసారి, రాత్రి బండి లైటు పడినప్పుడు ఒకసారి చూడండి. నల్ల గ్రానైటు బాగా మెరుస్తుంది, దాని మీద బంగారు రంగు కంటే తెలుపే తేటగా కనిపిస్తుంది. కడప బండ మీద చెక్కిద్దామని ఎవరైనా అంటే వద్దనండి. నేను కడపదాన్నే అయినా చెబుతున్నా, అది పొరలు పొరలుగా లేస్తుంది, నేలకు బాగుంటుంది గానీ సన్నటి అక్షరానికి నిలవదు. ప్రింటు మీద అక్షరాలన్నీ సరిచూసి కింద సంతకం పెట్టి ఒక ఫోటో తీసి ఉంచుకోండి. రేపు తేడా వస్తే మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. మాకు ఆ ఆధారం లేకనే మల్లెతీగ పెంచాల్సి వచ్చింది.

ఉత్సాహం కొద్దీ గేటు పక్కన నేరేడు మొక్క మాత్రం నాటకండి. ఐదు సెంట్లలో అది పెద్ద మాను. వేర్లు ప్రహరీని ఎత్తేస్తాయి, కాయల కాలంలో వాకిలంతా ఊదారంగు మరకలు. ఊళ్ళో మీ పుట్టింటి వాళ్ళ పొలం గట్టు మీదో, స్కూలు ఆవరణలోనో నాటించండి.

ఇక ఆ నాలుగు రోజుల గడువు. రాయి లేకుండా గృహప్రవేశం ఆగదు. పాలు పొంగితే చాలు. ఆ చోట్లో పసుపు రాసి రెండు మామిడాకులు గుచ్చండి, వచ్చినవాళ్ళెవరూ పేరేదని అడగరు. చెక్కే అతనికి నెల రోజులు ఆగమని చెప్పండి.

అమ్మకు ఫోన్ చేయకండి, వెళ్ళండి. వెళ్ళగానే ఇంటికి ఆ పేరు పెట్టనా అని అడగొద్దు. ఆ చేనుకు ఆ పేరు ఎట్లా వచ్చిందో, ఆ నేరేడుమాను ఎవరు నాటారో, దాని కింద ఏం జరిగేదో అడగండి. ఆమె చెప్పేది మొత్తం వినండి. ఆ తర్వాత మీరు అడగాల్సిన అవసరం ఉందో లేదో మీకే తెలుస్తుంది. ఏమైందో నాకొక కార్డుముక్క రాయండి.